ఇంటి దగ్గరే కారు ముందు సస్పెన్షన్ మార్చుకోవడం: లింక్ రాడ్, షాక్ అబ్జార్బర్, లోయర్ ఆర్మ్

కాలనీలో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగుతున్నప్పుడు ముందు చక్రం దగ్గర కటకటమని చప్పుడు రావడం, గుంతలో పడగానే స్టీరింగ్‌లోకి దెబ్బ తగలడం, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగడం మనవైపు రోడ్ల మీద నాలుగైదేళ్లు తిరిగిన ఏ చిన్న కారులోనైనా కనిపించే లక్షణాలే. వీటికి కారణమయ్యే భాగాల్లో కొన్నింటిని ఇంటి దగ్గర జాగ్రత్తగా మార్చుకోవచ్చు. అయితే ఎంతవరకు మన చేతుల్లో పని, ఎక్కడ ఆగి వర్క్‌షాపుకు వెళ్లాలి అన్నది పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి.

నేను చెప్పేదంతా ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లకు వర్తిస్తుంది. పాత మారుతి 800 మొదలుకొని ఇప్పటి స్విఫ్ట్ వరకు మన దేశంలో తిరిగే చిన్న కార్లలో అత్యధికం ఈ రకానివే. ఇందులో స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే స్తంభంలా కలిసి ఉంటాయి. ఆ స్తంభం పైకొస బానెట్ కింద బాడీకి, కిందికొస చక్రాన్ని మోసే నకిల్‌కు బిగించి ఉంటాయి. నకిల్ అడుగు భాగాన్ని లోయర్ ఆర్మ్ ఒక బాల్ జాయింట్ (అన్ని వైపులా తిరగగల గుండు కీలు) ద్వారా పట్టుకుంటుంది. రెండు పక్కలనూ కలిపే స్టెబిలైజర్ బార్ నుంచి స్ట్రట్‌కు వచ్చే చిన్న కడ్డీయే లింక్ రాడ్. స్ట్రట్ మొత్తాన్ని బయటికి తీసినా స్ప్రింగు తన రెండు పళ్లేల మధ్య బందీగానే ఉండిపోవడం ఈ అమరికలోని గొప్ప సౌకర్యం, ఇంటి దగ్గర ఈ పని సాధ్యమవడానికి కారణం కూడా అదే. స్ప్రింగు నేరుగా కింది ఆర్మ్ మీద కూర్చునే అమరిక కొన్ని పెద్ద వాహనాల్లో ఉంటుంది. అక్కడ బాల్ జాయింట్ విప్పగానే స్ప్రింగు బలమంతా ఒక్కసారిగా విడుదలవుతుంది కాబట్టి, మీ బండి ఆ రకానిదైతే ఈ పద్ధతిని దానికి అన్వయించవద్దు.

ఈ పనిలో ప్రాణం మీదికి తెచ్చేవి రెండే రెండు. ఒకటి పైనున్న బండి బరువు, రెండోది అణచి ఉంచిన స్ప్రింగు బలం. స్విఫ్ట్ లాంటి కారు ఇంచుమించు 900 కిలోలు ఉంటుంది. ఇంజనూ గేర్‌బాక్సూ ముందే ఉండడంతో సగానికి మించిన బరువు ముందు చక్రాల మీదే పడుతుంది, అంటే ఒక్కో ముందు చక్రం మీద పావు టన్నుకు పైమాటే. మిగతా తప్పులకు చేతి చర్మం గీరుకుపోవడమో బోల్టు పాడవడమో మూల్యం, ఈ రెండింటిలో తప్పుకు మూల్యం వేరు.

ఏ భాగం పోయిందో ముందు తేల్చుకోవాలి

తక్కువ వేగంలో, చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద పొడిగా కటకటలాడితే మొదట అనుమానించాల్సింది లింక్ రాడ్‌నే. బండి నిలిపి ఉన్నప్పుడు ముందు మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి. అలా కాకుండా రెండు మూడు సార్లు ఊగితే, లేదా షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె జారి దానికి దుమ్ము మందంగా అంటుకుని ఉంటే దాని పని అయిపోయినట్టే. సన్నగా తడి కనిపించడం వేరు, కారడం వేరు. తుడిచి వారం రోజుల తర్వాత మళ్లీ చూస్తే తేడా తెలుస్తుంది.

లోయర్ ఆర్మ్ పరీక్షకు చక్రాన్ని గాలిలోకి ఎత్తి, గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట్ల టైరును పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. ఆట, అంటే వదులు కదలిక, కనిపిస్తే అది బాల్ జాయింట్‌ది కావచ్చు, చక్రం బేరింగ్‌ది కావచ్చు. అప్పుడు ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట మాయమైతే తప్పు బేరింగ్‌లో ఉంది, అలాగే ఉంటే బాల్ జాయింట్‌లో ఉంది. 9, 3 అంకెల చోట్ల పట్టి ఊపినప్పుడు ఆట ఉంటే స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే టై రాడ్ ఎండ్‌ను చూడాలి. ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు బుష్‌లను టార్చి వేసి చూడాలి, రబ్బరు మీద ఉపరితలపు గీతలు సహజమే గానీ, లోపలి ఇనుప గొట్టం నుంచి రబ్బరు ఊడిపోయి సందు కనిపిస్తే మార్చాల్సిందే.

విడి భాగాలు కొనేటప్పుడు బండి పేరూ సంవత్సరమూ చెప్పి ఊరుకోకుండా, ఆర్‌సీ మీద ఉండే 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఇవ్వండి. ఒకే పేరున్న మోడల్‌లో పెట్రోలు, డీజిల్ రకాలకు స్ట్రట్‌లు వేరుగా ఉండవచ్చు. షాక్ అబ్జార్బర్లను, లింక్ రాడ్లను ఎప్పుడూ కుడి ఎడమలు రెండూ కలిపే మార్చాలి. ఆర్మ్‌ను మాత్రం చెడిపోయిన పక్క ఒక్కటే మార్చినా ఫరవాలేదు. సెల్ఫ్ లాకింగ్ నట్లు తిరిగి వాడేవి కావు కాబట్టి వాటినీ కొత్తవి తెచ్చుకోండి.

పనిముట్లు, చోటు

ట్రాలీ జాకీ, రెండు టన్నులు మోయగల జాక్ స్టాండ్లు రెండు, చక్రాలకు అడ్డు పెట్టే ముక్కోణపు చెక్కలు, 14, 17, 19 మి.మీ. సాకెట్లూ రింగ్ పానాలూ, పొడవాటి టామీ రాడ్, అలెన్ కీల సెట్టు, చిన్న పలుగు, తుప్పు వదిలించే స్ప్రే, కళ్లద్దాలు, చేతి తొడుగులు, బోల్టును నిర్ణీత టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించే టార్క్ రెంచ్ ఇవన్నీ పని ప్రారంభానికి ముందే పక్కన ఉండాలి. టార్క్ రెంచ్ లేకుండా ఈ పని చేయవద్దు. లింక్ రాడ్ నట్టును అలవాటైన చేయి అంచనాతో బిగించగలదేమో గానీ, నకిల్ బోల్టులకూ ఆర్మ్ బోల్టులకూ అంచనా పనికిరాదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ప్రతి బోల్టుకూ ఎంత టార్క్ అన్నది న్యూటన్ మీటర్లలో ఉంటుంది. వాటిని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకోండి, నూనె చేతులతో ఫోనులో వెతుక్కోవడం ఎవరికీ సాధ్యం కాదు. పాత మాన్యువళ్లలో కిలోగ్రామ్ మీటర్లలో ఇస్తే దాన్ని 9.8తో గుణించుకోవాలి.

బండితో పాటు వచ్చిన కత్తెర జాకీ రోడ్డు పక్కన స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చినది, అంతకు మించిన పనికి దాన్ని నమ్మవద్దు. స్టాండ్లకు బదులు ఇటుకలు, సిమెంటు బ్లాకులు పెట్టడం మనవైపు తరచుగా కనిపిస్తుంది. ఇది కచ్చితంగా మానుకోవాల్సిన అలవాటు. బోలు బ్లాకు మీద బరువు ఒక అంచున పడితే ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పొడి అయిపోతుంది.

చోటు చదునైన కాంక్రీటు నేల అయి ఉండాలి. అపార్టుమెంట్ సెల్లార్లలోని నున్నటి గ్రానైటు మీద స్టాండు జారుతుంది, ఆవరణలో పరిచే ఇంటర్‌లాకింగ్ టైల్స్ బరువుకు కుంగుతాయి, మే నెల ఎండలో తారు రోడ్డు మెత్తబడి స్టాండు కాళ్లు అందులోకి దిగబడతాయి. వేరే దారి లేనప్పుడు స్టాండు కింద మందపాటి ప్లైవుడ్ పలక వేయండి. గ్రానైటు మీద దాని కింద రబ్బరు చాప కూడా ఉండాలి. సెల్లారు వాలుగా ఉంటే ఆ చోట పని పెట్టుకోవద్దు. ఒంటరిగా చేయకండి. పక్కన ఒక మనిషి ఉండడం సాయానికే కాదు, ఏదైనా జరిగితే జాకీ పట్టుకోవడానికి కూడా.

బండిని ఎత్తడం

ఎత్తక ముందు చేయాల్సిన పని ఒకటుంది. బండి నేల మీద నిలబడి ఉండగానే, ముందు చక్రం సరిగ్గా మధ్యబిందువు నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు నిలువుగా టేపుతో కొలిచి ఆ సంఖ్యను రాసుకోండి. రెండు పక్కలా కొలవండి. ఇది ఎందుకన్నది లోయర్ ఆర్మ్ దగ్గర చెబుతాను. ఇప్పుడు వదిలేస్తే తర్వాత కొలవడానికి వీలుండదు.

హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టాలి. ముందు చక్రాలతో నడిచే కారును ముందు ఎత్తితే గేరు పట్టు అక్కరకు రాదు, ఆ చక్రాలు గాలిలో ఉంటాయి కదా. అప్పుడు బండిని ఆపేవి వెనక చక్రాలను పట్టే హ్యాండ్ బ్రేకూ, మీరు పెట్టిన చెక్కలూ మాత్రమే. అందుకని ఆ చెక్కల విషయంలో అలసత్వం వద్దు. తాళం తిప్పి స్టీరింగ్ లాక్ విడిపించి ఉంచండి. చక్రాల నట్లను బండి నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసుకోండి.

జాకీ ఎక్కడ పెట్టాలన్నది మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. మామూలుగా ముందు మధ్యలో అడ్డంగా ఉండే ఇనుప దూలం, అంటే క్రాస్ మెంబర్ కింద ట్రాలీ జాకీకి ఒక చోటు, తలుపుల కింది అంచుల మీద గాట్లు పెట్టిన చోట్లలో స్టాండ్లకు చోట్లు చూపిస్తారు. ఇంజన్ ఆయిల్ సంప్ కింద, గేర్‌బాక్సు కింద జాకీ పెట్టి ఎత్తకూడదు. ఎత్తాక స్టాండ్లు పెట్టి, పళ్లు లేదా పిన్ను పూర్తిగా కూర్చున్నాయో లేదో కంటితో చూసి, జాకీని మెల్లగా దించి బరువంతా స్టాండ్ల మీదికి వచ్చేలా చేయాలి. అప్పుడు బండిని పక్కల నుంచి రెండు చేతులతో బలంగా ఊపి చూడండి. కదిలేదేమైనా ఉంటే మీరు బయట ఉన్నప్పుడే కదలాలి. జాకీని క్రాస్ మెంబర్‌కు తాకీ తాకనట్టు అలాగే ఉంచి, విప్పిన చక్రాలను తలుపుల కింద బాడీ అంచు కిందికి అడ్డంగా దోపండి. స్టాండు తప్పినా బండి చక్రం మీద ఆగుతుంది, మనిషి పట్టేంత సందు మిగులుతుంది.

పని ఒక పక్కే ఉన్నా రెండు ముందు చక్రాలనూ ఒకే ఎత్తుకు లేపాలి, దానికి కారణం ఉంది. ఒక్క పక్కే లేపితే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి లింక్ రాడ్‌ను బిగపట్టి ఉంచుతుంది, నట్టు విప్పాక లింక్ రాడ్ ఊడిరాదు, ఊడివస్తే విసురుగా వస్తుంది. రెండు పక్కలూ సమానంగా వేలాడితే లింక్ రాడ్‌ను చేత్తో తీసేయవచ్చు.

లింక్ రాడ్

మొదటిసారి చేసేవారు దీనితో మొదలుపెట్టడం మంచిది. పైన స్ట్రట్‌కు ఒక నట్టు, కింద స్టెబిలైజర్ బార్‌కు ఒక నట్టు, అంతే. అయినా చాలామంది ఓపికను పరీక్షించేది ఇదే. నట్టు తిప్పుతుంటే దానితో పాటు బాల్ జాయింట్ మర కూడా తిరిగిపోతుంది, దాన్ని ఆపడానికి మర కొసలో అలెన్ కీకి సరిపడే గుంట ఉంటుంది. ఆ గుంట నిండా ఏళ్ల తరబడి గట్టిపడిన మట్టి ఉంటుంది. మట్టితోనే కీ దూర్చి తిప్పితే అంచులు అరిగి కీ జారిపోతుంది, ఆ తర్వాత కోసి తీయడం తప్ప మార్గం ఉండదు. సన్నని మేకుతో గుంటను అడుగు దాకా గీకి శుభ్రం చేసి, మరలను వైర్ బ్రష్‌తో రుద్ది, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్లలో తిరిగే బండ్లకు ఒక రాత్రి చాలదు, రెండు రోజులు పూట పూటకూ కొట్టాలి. అలెన్ కీ కదలకుండా పట్టుకుని, రింగ్ పానాతో నట్టును తిప్పండి.

కొత్త రాడ్‌లో రెండు కొసల బాల్ జాయింట్లు ఏ వైపు చూస్తున్నాయో పాతదాన్ని పక్కన పెట్టి సరిపోల్చి, అదే తీరులో ఎక్కించి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి.

స్ట్రట్: ఏ నట్టు విప్పాలి, ఏది తాకకూడదు

బానెట్ ఎత్తితే స్ట్రట్ పైకొస కనిపిస్తుంది. కొన్ని కార్లలో చుట్టూ రెండో మూడో చిన్న నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటాయి. చుట్టూ ఉన్నవి స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచుతాయి, మధ్యలోది అణచి ఉంచిన స్ప్రింగును పట్టి ఉంచుతుంది. ఇంకొన్ని కార్లలో చుట్టూ నట్లే ఉండవు. మధ్యలో పైకి కనిపించే ఒక్క నట్టు బాడీ పట్టు కోసం, స్ప్రింగును పట్టే నట్టు దాని కింద లోపల వేరేగా ఉంటుంది. పైపైన చూసి ఈ రెండు రకాలను పోల్చుకోవడం కష్టం. కాబట్టి మీ మోడల్ మాన్యువల్‌లోని బొమ్మ చూసి, ఏ నట్టు ఏ పని చేస్తుందో నిర్ధారించుకున్నాకే పానా పెట్టండి. నిర్ధారణ కాకపోతే ఈ భాగం వరకు పనిని వర్క్‌షాపుకు వదిలేయండి.

స్ప్రింగును పట్టి ఉంచే నట్టును ఇంటి దగ్గర విప్పవద్దన్నది నా గట్టి అభిప్రాయం. స్ప్రింగును అణచే విడి క్లాంపులు అద్దెకూ దొరుకుతాయి, కొనడానికీ దొరుకుతాయి. కానీ ఆ క్లాంపు కొక్కెం స్ప్రింగు చుట్టు మీద ఒక సెంటీమీటరు జారినా, పై పళ్లెం ముఖం ఎత్తుకు ఎగిరివస్తుంది. ఆటోనగర్‌లోనైనా, మీ పట్టణంలో సస్పెన్షన్ పని చేసే ఏ షాపులోనైనా, గోడకు లేదా నేలకు బిగించిన స్ప్రింగు ప్రెస్సు ఉంటుంది. స్ట్రట్‌ను మొత్తంగా మీరు విప్పి అక్కడికి తీసుకువెళ్తే, పాత షాక్ అబ్జార్బర్ తీసి కొత్తది ఎక్కించడం అరగంట పని. అలా చేస్తే ప్రమాదకరమైన పని సరైన పరికరం ఉన్నవారి చేతుల్లో ఉంటుంది, మిగతాది మీ చేతుల్లో ఉంటుంది.

ఇక విప్పే క్రమం ఇది. చక్రం తీశాక, స్ట్రట్‌కు అంటిపెట్టుకుని వచ్చే బ్రేకు గొట్టం బ్రాకెట్టునూ ఏబీఎస్ సెన్సర్ తీగనూ ముందుగా విడదీయాలి. తీగను లాగవద్దు, క్లిప్పును నొక్కి తీయండి. తర్వాత లింక్ రాడ్ పైకొస విప్పాలి. నకిల్‌కు స్ట్రట్ కలిసే చోట రెండు పెద్ద బోల్టులుంటాయి. విప్పక ముందు ఆ రెండు లోహాలు ఒకదానిపై ఒకటి ఎలా కూర్చున్నాయో తెల్లని మార్కరుతో చుట్టూ గీత గీయండి. ఆ బోల్టు రంధ్రాలలో ఉండే కొద్దిపాటి సందే చక్రం వాలును మార్చేస్తుంది, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ షాపుకు చేరేదాకా బండి తిన్నగా నడవాలంటే ఆ గీతే ఆధారం. నట్టును మాత్రమే తిప్పి బోల్టు తలను కదలకుండా పట్టుకోవాలి, కొన్ని బోల్టుల మెడకు గాట్లు ఉండి రంధ్రంలో బిగుసుకుని ఉంటాయి.

రెండో బోల్టు తీసేలోగా నకిల్‌ను గట్టి తీగతో బాడీకి కట్టేయండి. కట్టకపోతే నకిల్ బయటికి ఒరిగి, దాని బరువంతా బ్రేకు గొట్టం మీద పడుతుంది. అంతేకాదు, ఇంజన్ వైపు డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ తన గూటి నుంచి జారిపోవచ్చు. దాన్ని తిరిగి కూర్చోబెట్టడం ఈ పని మొత్తం కంటే పెద్ద పని. ఇవన్నీ అయ్యాక, ఒకరు కింద స్ట్రట్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉండగా, ఇంకొకరు పైన బాడీ పట్టు నట్లను విప్పాలి. చివరి నట్టు మీదే మొత్తం వేలాడుతుందని మరవద్దు, స్ట్రట్ బరువు కింద పట్టుకున్నవారి మోచేతుల మీదికి ఒక్కసారిగా వస్తుంది.

షాపులో ఉన్నప్పుడు నాలుగు విషయాలు దగ్గరుండి చూసుకోండి. పై మౌంటూ దాని బేరింగూ, లోపలి బంప్ స్టాపూ, దుమ్ము తొడుగూ అరిగి ఉంటే ఇప్పుడే మార్చాలి, తర్వాత వాటి కోసం మళ్లీ ఇదంతా విప్పుకోవాలి. కొత్త షాక్ అబ్జార్బర్‌ను నిలువుగా పట్టుకుని, కడ్డీని అడుగు దాకా నొక్కి పైకి లాగడం నాలుగైదు సార్లు చేయించండి. అడ్డంగా పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల నూనెలో కలిసిన గాలి ఇలా పైకి పోతుంది. మెరిసే ఆ కడ్డీని పట్టుకారుతో పట్టుకోనివ్వవద్దు, గోరంత గీత పడినా ఆయిల్ సీల్ కోసుకుపోయి కొన్ని నెలల్లో కారడం మొదలవుతుంది. స్ప్రింగు చుట్టు చివరి కొస పళ్లెంలోని మెట్టుకు ఆనుకుని కూర్చోవాలి. కూర్చోకపోతే బండి దించాక ఎక్కడో టంగుమని శబ్దం వచ్చి ఎత్తు మారిపోతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు పై నట్లను ముందు చేత్తో ఎక్కించి, నకిల్ బోల్టులు దూర్చి, మీ తెల్ల గీతలకు సరిపెట్టి, ఆ తర్వాతే టార్క్‌కు బిగించాలి. బ్రేకు గొట్టం ఎక్కడా మెలి తిరగకుండా చూసి, స్టీరింగ్‌ను రెండు కొసలకూ తిప్పి గొట్టమూ తీగా దేనికీ రాసుకోవడం లేదని కళ్లతో చూడండి.

లోయర్ ఆర్మ్, బుష్ బోల్టులు బిగించే పద్ధతి

చాలా చిన్న కార్లలో బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. దాని మర నకిల్‌లోని చీలిక గూటిలో దూరి ఉంటుంది, ఆ గూటిని అడ్డంగా ఒక బోల్టు బిగపడుతుంది. ఆ బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. బాల్ జాయింట్ మరకు నడుము దగ్గర ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే వెళ్తుంది కాబట్టి అది అక్కడున్నంతసేపూ మీరు ఎంత బలంగా పలుగు వేసినా ఆర్మ్ దిగదు. బోల్టు తీశాక గూటి చీలికలో వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎడం చేసి, పలుగుతో ఆర్మ్‌ను కిందికి అదమండి. చీలికను మరీ విప్పదీస్తే నకిల్ పగిలే ప్రమాదముంది. ఆ తర్వాత ఆర్మ్‌ను బాడీకి పట్టే రెండు బోల్టులు విప్పితే అది చేతికి వస్తుంది. ఇక్కడ కూడా నకిల్ బయటికి జారకుండా కట్టి ఉంచే జాగ్రత్త అలాగే వర్తిస్తుంది.

కొత్త ఆర్మ్ ఎక్కించి, బాల్ జాయింట్ బోల్టును టార్క్‌కు బిగించండి. బాడీ వైపు బుష్ బోల్టులను మాత్రం ఆట లేకుండా తాకేవరకే బిగించి ఆగండి. ఈ ఆగడం దగ్గరే ఎక్కువ పనులు చెడిపోతాయి.

బుష్‌లో లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, మధ్యలో రెండింటికీ అంటించిన రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బాడీకి కదలకుండా అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు లోపల ఏదీ తిరగదు, రబ్బరే మెలి తిరిగి తిరిగి తన చోటుకు వస్తుంది. చక్రం గాలిలో వేలాడుతూ ఆర్మ్ కిందికి వంగి ఉన్నప్పుడు ఆ బోల్టును పూర్తిగా బిగిస్తే, రబ్బరుకు అదే సహజ స్థితి అవుతుంది. బండి దించగానే ఆర్మ్ పైకి లేచి, బండి నిలబడి ఉన్నంతసేపూ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. గుంత పడ్డ ప్రతిసారీ ఆ మెలికకు ఇంకో మెలిక తోడవుతుంది.

మా బండికి ఒకసారి బయట ఆర్మ్‌లు మార్పించినప్పుడు లిఫ్టు మీద వేలాడుతుండగానే ఎయిర్ గన్‌తో బిగించి ఇచ్చారు. ఎనిమిది నెలలు తిరగకముందే బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగడం మొదలైంది. విప్పి చూస్తే రబ్బరు లోపలి గొట్టం చుట్టూ గుండ్రంగా, కత్తితో కోసినట్టు తెగి ఉంది. భాగం మంచిదే, బిగించిన ఎత్తు తప్పు.

మొదట్లో కొలిచి రాసుకున్న ఆ సంఖ్య ఇప్పుడు కావాలి. బండి స్టాండ్ల మీదే ఉండగా, ట్రాలీ జాకీని లోయర్ ఆర్మ్ బయటి కొస కింద, బాల్ జాయింట్‌కు దగ్గరగా, మధ్యలో చెక్క ముక్క వేసి పెట్టండి. జాకీని మెల్లమెల్లగా లేపుతూ, చక్రం బిగించే హబ్ మధ్యబిందువు నుంచి మడ్‌గార్డ్ అంచుకు ఉన్న దూరం మీరు రాసుకున్న కొలతకు రాగానే ఆపండి. ఇప్పుడు ఆర్మ్ బండి నేల మీద నిలబడ్డప్పటి కోణంలోనే ఉంది. ఈ స్థితిలో బుష్ బోల్టులను టార్క్‌కు బిగించాలి. జాకీ లేపేటప్పుడు ఒక కన్ను స్టాండు మీద ఉంచండి. బండి స్టాండు మీద నుంచి లేస్తున్నట్టు కనిపించిన క్షణమే ఆపి దించేయాలి. తేలికపాటి కార్లలో రెండో చక్రం గాలిలో ఉన్నప్పుడు కొలత అందకముందే ఇలా జరగవచ్చు. అలా అయితే ఇంకో పద్ధతి ఉంది. ఆర్మ్ పూర్తిగా ఎక్కించి, చక్రాలు బిగించి, ముందు చక్రాలను గట్టి ర్యాంపుల మీదికి దించి, బండి తన చక్రాల మీదే నిలబడి ఉండగా కింది నుంచి బుష్ బోల్టులు బిగించడం. ర్యాంపు మీద కూడా వెనక చక్రాలకు అడ్డు చెక్కలు ఉండాలి.

టార్క్ రెంచ్ గురించి ఒక మాట. అది బిగించడానికే గానీ విప్పడానికి కాదు. క్లిక్ అనగానే ఆపేయాలి, రెండోసారి క్లిక్ అనిపించుకోవడం అంటే కొంచెం ఎక్కువ బిగించడమే. పని అయ్యాక దాని స్ప్రింగును అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టండి.

దించాక

చక్రాల నట్లను నక్షత్రం గీసినట్టు ఒకదానికి ఎదురుగా ఇంకొకటిగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. చిన్న కార్లకు ఇవి సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాయి. మీ బండి అంకె ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. బండి కదిలించక ముందు బ్రేకు పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి గట్టిగా ఉందో లేదో చూడండి. తాళం తిప్పి ఏబీఎస్ దీపం వెలిగి ఆరిపోయిందో లేదో గమనించండి. ఆరకపోతే సెన్సర్ తీగ ఎక్కడో కూర్చోలేదు.

తొలి ప్రయాణం ఖాళీ వీధిలో, గంటకు 20 కిలోమీటర్లకు మించకుండా, కిటికీలు దించి, పాటలు ఆపి ఉండాలి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, స్పీడ్ బ్రేకర్ ఒకటి దాటి, రెండు సార్లు బ్రేకు వేసి చూడండి. ఏ కొత్త చప్పుడు వినిపించినా దాన్ని అలవాటవుతుందిలే అని వదిలేయకుండా వెనక్కు వచ్చి చూడాలి. అక్కడి నుంచి నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు వెళ్లండి. స్ట్రట్‌నో ఆర్మ్‌నో మార్చిన బండిని అలైన్‌మెంట్ చేయించకుండా నడిపితే, కొత్త టైరైనా ఒక అంచు నుంచి అరగడం మొదలవవచ్చు. లింక్ రాడ్ ఒక్కటే మార్చినప్పుడు మాత్రం దాని అవసరం లేదు.

దించే ముందు, బిగించిన ప్రతి నట్టు మీద నుంచి పక్కనున్న లోహం మీదికి పసుపు పెయింటు మార్కరుతో ఒక సన్న గీత గీయడం నాకు అలవాటు. వంద కిలోమీటర్లు తిరిగాక టార్చి పట్టుకుని చక్రం వెనక్కు తొంగిచూస్తే చాలు. గీత ఒకే వరుసలో ఉంటే నట్టు కదలలేదు. వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉన్నా ఆ నట్టు వదులవుతోంది. అప్పుడు బండిని మళ్లీ స్టాండ్ల మీదికి ఎక్కించి, ఆ నట్టును తీసి కొత్తది వేసి, టార్క్‌కు బిగించి, కొత్త గీత గీయాలి. చక్రాల నట్లను మాత్రం ఆ వంద కిలోమీటర్లకు గీతతో పనిలేకుండా టార్క్ రెంచ్‌తోనే మళ్లీ సరిచూడాలి.